విమాన నమూనాల నిర్మాణము

బొమ్మకును నమూనాకును గల భేదమేమని అడిగినచో చాలమంది వెంటనే చెప్పలేరు. రెండును చిన్నవే, రెండును అసలు వస్తువును పోలియుండునవే. అయినను వాని నడుమ గొప్ప అంతరము కలదు. మన యేటికొప్పాకలో అంకుడు కఱ్ఱను తరిమెన పట్టి, లక్కరంగులు పూసి చేయు బొమ్మలను చూడుడు. అందలి యేనుగునకు తొండము కొంచెము పొట్టియైనను, బండికి చక్రములు కొంచెము పెద్దవైనను ఎవరును తప్పు పట్టరు. అందము కొఱకు పనివాడు తీసికొనిన స్వాతంత్ర్యమది. నమూనా చేయువానికి ఆ స్వాతంత్ర్యము లేదు. అసలు వస్తువులోని ప్రతి కొలతను ఒకే నిష్పత్తిలో తగ్గించి చేసినదే నమూనా. పొడవు ఎన్నవ వంతయ్యెనో వెడల్పును, ఎత్తును, కిటికీయు, చక్రమును అన్నవ వంతే కావలయును. బొమ్మ కంటికి నచ్చిన చాలును. నమూనా కొలబద్దకు కూడ నిలువవలయును.

ప్లాస్టిక్ భాగములను కూర్చి, రంగులు వేసి విమాన నమూనాలను తయారుచేయుట నేడు అనేక దేశములలో పిన్నలును పెద్దలును విరామ కాలమున చేయు పని. ఇది వట్టి కాలక్షేపమని కొందరు తలిదండ్రులు తలంచుట కలదు. ఇందు గణితము, భౌతిక శాస్త్రము, చరిత్ర, చిత్రలేఖనము అన్నియు ఒక బల్లమీదికి వచ్చి చేరునని తెలుపుటకే ఈ పాఠము వ్రాయబడుచున్నది.

నిష్పత్తి

విమాన నమూనాలలో మిక్కిలి వ్యాప్తిలోనున్నది 1:72 అను నిష్పత్తి. అనగా నమూనా అసలు విమానములో 72వ వంతు పొడవుండును. ఈ వింత సంఖ్య ఎట్లు వచ్చెనని మీకు సందేహము కలుగవచ్చును. అడుగునకు 12 అంగుళములు. కావున 6 అడుగులకు 72 అంగుళములు. అసలు విమానములోని 6 అడుగులు నమూనాలో సరిగా 1 అంగుళమగును. ఆరడుగుల మనుష్యుడు దాని ప్రక్క అంగుళమెత్తున నిలువబడును. అట్లే 1:48లో 4 అడుగులకు ఒక అంగుళము. 1:144లో 12 అడుగులకు ఒక అంగుళము. అడుగులతో కొలుచు దేశమున పుట్టిన లెక్క యగుటచే ఇది పదులలో గాక పండ్రెండులలో సాగినది.

ఒక ఉదాహరణము చూతము. 1939-45 యుద్ధకాలమున భారత వైమానిక దళము నడపిన విమానములలో హరికేను ఒకటి. దాని రెక్కల వెడల్పు, ఒక కొన నుండి మఱియొక కొనకు, 40 అడుగులు. నలుబదిని ఆరుచే భాగింపగా ఇంచుమించు 6.7 అంగుళములు, అనగా 17 సెంటీమీటర్లు వచ్చును. ఒక ఆకాశ యోధుని వాహనము మీ పలక మీద నిలుచునన్నమాట.

ఇక్కడ గమనింపదగిన విషయమొకటి కలదు. పొడవు 72వ వంతైనపుడు వైశాల్యము 72వ వంతు కాదు. అది 72ను 72చే గుణింపగా వచ్చు 5,184వ వంతగును. ఘనపరిమాణము మఱియొక మారు గుణింపగా 3,73,248వ వంతగును. ఈ మూడు లెక్కలను పుస్తకములో చదివి మఱచిపోవు విద్యార్థి, ఒక నమూనాను చేతబట్టిన పిదప మఱవడు.

నిష్పత్తి నేర్పు మఱియొక పాఠము ఇంతకంటె ముఖ్యమైనది. నమూనా చిన్నదైనప్పుడు అందలి తప్పు కూడ చిన్నదే యని మనము భ్రమపడుదుము. అది సరికాదు. 1:72 నమూనాలో రెక్కయు మొండెమును కలియుచోట 1 మిల్లీమీటరు సందు విడిచినచో, అసలు విమానములో అది 72 మిల్లీమీటర్ల పగులునకు సమానము. నాలుగు వ్రేళ్లు దూరునంత పగులు గల విమానము నెవరైన ఎక్కుదురా? చిన్న పనిలోని తప్పును దాని నిజమైన పరిమాణమున చూడగలుగుటయే ఈ విద్యకు ప్రాణము.

నమూనాల చరిత్ర

ఇంగ్లండులో 1932వ సంవత్సరమున స్కైబర్డ్స్ అను పేర 1:72 నిష్పత్తిలో కొయ్యతోను లోహముతోను చేయదగు విమాన నమూనాలు అంగడికి వచ్చినవి. 1936లో ఫ్రాగ్ పెంగ్విన్ అను నమూనాలు వెలువడెను. అవి సెల్యులోసు అసిటేటు అను పదార్థముతో చేసినవి. ప్లాస్టిక్ విమాన నమూనాలకు అవే ఆద్యములు. సెల్యులోసు అసిటేటు కాలక్రమమున వంకరలు పోవును. యుద్ధానంతరము పాలిస్టిరీను అను మఱియొక ప్లాస్టిక్ వాడుకలోనికి వచ్చి ఈ లోపమును తీర్చినది. దానిని కరగించి, ఉక్కు అచ్చులలోనికి మిక్కుటమైన ఒత్తిడితో పంపినచో, వెండ్రుకవంటి గీత కూడ స్పష్టముగా దిగును. 1953లో ఎయిర్‌ఫిక్సు సంస్థ ఈ పదార్థముతో స్పిట్‌ఫైరు విమానపు నమూనాను చవుకగా విక్రయించినది. నాటినుండి ఈ పని బాలుర చేతికి అందుబాటైనది.

ఈ చరిత్రలో ఒక అధ్యాయము మన పట్టణమునకు సంబంధించిన సంవత్సరమునే జరిగినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారి ర్యూజో అను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు వేసెను. మన రేవు అప్పటికి తెఱువబడి తొమ్మిదేండ్లయినను నిండలేదు. అట్టి దినములలో ఆకాశమున కనబడు విమానము స్వకీయమా, శత్రువులదా యను ప్రశ్నకు క్షణములో జవాబు చెప్పవలసియుండెను. ఆలస్యమైనచో పట్టణమునకు ముప్పు. పొరపాటైనచో మనవారి ప్రాణములకే ముప్పు.

ఆ సంవత్సరమే అమెరికా నౌకాదళమువారు తమ దేశమునందలి పాఠశాలల బాలబాలికలను 5 లక్షల విమాన నమూనాలు చేసి యిమ్మని కోరిరి. సైనికులకు విమానముల ఆకారములను గుర్తించుట నేర్పుటకై అవి కావలసివచ్చెను. అవి కొయ్యతో చేసిన 1:72 నమూనాలు. వానికి నల్లరంగు మాత్రమే పూయించిరి; ఏలయన దూరమునుండి చూచునపుడు రంగు గాని గుర్తు గాని తెలియదు, ఆకారమొక్కటే తెలియును. ఇక్కడను లెక్క కలదు. 1:72 నమూనాను 35 అడుగుల దూరమునుండి చూచినచో, అసలు విమానమును 35ను 72చే గుణింపగా వచ్చు 2,520 అడుగుల దూరమునుండి, అనగా అరమైలుకు కొంచెము తక్కువ దూరమునుండి చూచినట్లే కనబడును. తరగతిగదిలో నిలిచియే అరమైలు దూరపు చూపును అభ్యసింపవచ్చును. అందుచేతనే బాలురు చేసిన నమూనాలను కొలిచి చూచి, సరియైనవానిని మాత్రమే స్వీకరించిరి. రెక్క కొంచెము పొడవైనచో అది మఱియొక విమానమును పోలును. దానిని చూచి నేర్చుకొనినవాని కన్ను యుద్ధరంగమున తప్పును.

ఇట్టి పొరపాటు భయముచేతనే ఆ యుద్ధకాలమున ఇండియా, బర్మా రంగములలోని విమానముల చిహ్నములు మార్పబడెను. బ్రిటిషు విమానముల వలయ చిహ్నము నడుమ ఎఱ్ఱని చుక్క యుండెడిది. జపాను విమానములపై ఎఱ్ఱని సూర్యబింబముండెను. రెండును ఒకటియని భ్రమ కలుగకుండుటకై మనవైపు విమానముల చిహ్నములనుండి ఎఱ్ఱరంగును తొలగించిరి. కాబట్టి ఆ కాలపు విమానమును నమూనాగా చేయు బాలుడు, దానికి ఎఱ్ఱచుక్క పెట్టవలెనా వలదా యని నిర్ణయించుటకు ముందు, అది ఏ సంవత్సరమున ఏ రంగమున ఎగిరినదో తెలిసికొనవలయును. చరిత్ర చదువకయే చరిత్ర చదివించు పని యిది.

మన సముద్రతీరపు విమానము

నమూనా చేయువానికి అసలు వస్తువును కన్నులార చూచు భాగ్యము అరుదుగా కలుగును. విశాఖపట్టణపు విద్యార్థులకు ఆ భాగ్యము కలదు. బీచి రోడ్డుమీద, కుర్సురా జలాంతర్గామి ప్రదర్శనశాలకు ఎదుట, టీయూ-142 అను విమానము ప్రదర్శింపబడుచున్నది. ఇది రష్యాదేశపు టుపోలెవు సంస్థ రూపొందించినది. సముద్రముమీద బహుదూరము తిరిగి, నీటి అడుగున దాగిన జలాంతర్గాములను కనిపెట్టుట దీని పని. 1988లో భారత నౌకాదళమున చేరిన ఈ తరగతి విమానములు తొలుత గోవాలోను, 1992 నుండి తమిళనాడునందలి అరక్కోణములోను ఉండి, 29 సంవత్సరములు సేవచేసి, 2017 మార్చి 29వ తేదీన విశ్రమించినవి. వేటాడు విమానమును, వేటాడబడు తరగతికి చెందిన జలాంతర్గామియు నేడు ఒకే వీథికి ఇరువైపుల శాంతముగా నిలిచియున్నవి.

ఈ విమానము ఎట్లు సముద్రతీరమునకు చేరెనో వినుడు. అది మన పట్టణమునందలి నౌకాదళ విమానస్థానమైన ఐ.ఎన్.ఎస్. డేగాకు ఎగిరివచ్చెను. అక్కడ దాని భాగములను విడదీసి, రహదారిమీద తీరమునకు తరలించి, మరల కూర్చిరి. 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్‌గారు ఆ ప్రదర్శనశాలను ప్రారంభించిరి. మీరు బల్లమీద చేయబోవు పనినే ఇంజనీర్లు అక్కడ 72 రెట్లు పెద్దదిగా చేసిరి.

ఇప్పుడు దానిని 1:72 నిష్పత్తికి దించుదము. విమానపు పొడవు ఇంచుమించు 53 మీటర్లు. నమూనాలో అది దాదాపు 74 సెంటీమీటర్లగును. రెక్కల వెడల్పు 50 మీటర్లు. నమూనాలో 69 సెంటీమీటర్లకు పైగా వచ్చును. ప్రొపెల్లరు వ్యాసము 5.6 మీటర్లు, నమూనాలో 7.8 సెంటీమీటర్లు. విద్యార్థి బల్లను ఈ నమూనా యొక్కటే ఆక్రమించును గనుక, ఇంత పెద్ద విమానమునకు 1:144 నిష్పత్తి తగియుండును. అప్పుడు పొడవు 37 సెంటీమీటర్లు మాత్రమే యగును.

బరువు లెక్క మఱింత ఆశ్చర్యకరము. పూర్తి బరువుతో ఎగురునపుడు ఈ విమానము ఇంచుమించు 185 టన్నులు, అనగా 1,85,000 కిలోగ్రాములు తూగును. ఘనపరిమాణమును బట్టి దీనిని 3,73,248చే భాగించినచో అరకిలోగ్రాము మాత్రమే వచ్చును. పొడవు గజమునకు తక్కువగా తగ్గినపుడు బరువు ఒక బియ్యపు పొట్లమంత యైనది. పెద్ద జంతువులకు లావైన కాళ్లును, చీమకు సన్నని కాళ్లును ఏల కలవో ఈ లెక్కయందే తెలియును.

ప్రదర్శనశాలకు పోవునపుడు కాగితమును పెన్సిలును తీసికొనిపొండు. రెక్కలు మొండెమునకు లంబముగా నున్నవా, వెనుకకు వాలియున్నవా యని చూడుడు. అవి సుమారు 35 డిగ్రీలు వెనుకకు వాలినవి. నాలుగు ఇంజనులకును ఒక్కొక్కదానికి రెండేసి ప్రొపెల్లర్లు ఒకదాని వెనుక ఒకటి యుండును. ముందుది ఒకవైపు తిరిగినచో వెనుకది రెండవవైపు తిరుగును. ఒక్కొక్క ప్రొపెల్లరునకు నాలుగు రేకులు. మొత్తము 32 రేకులు. ముందు రేకుల మెలికయు వెనుక రేకుల మెలికయు పరస్పర వ్యతిరేకముగా నుండుటను దగ్గర నిలిచి పరిశీలింపుడు. ఇది గమనింపక రెండింటిని ఒకేవైపు తిప్పి అతికించిన నమూనా, ఎంత చక్కగా రంగు వేసినను, ఎగురలేని విమానపు నమూనాయే యగును. చక్రములెన్ని? కిటికీలు ఏ వరుసలోనున్నవి? ఏయే చోట్ల రేకు మాసినది? చూచినదానిని వెంటనే గీసికొనుడు. జ్ఞాపకము మోసపుచ్చును; పెన్సిలు మోసపుచ్చదు.

కూర్చుట

మొదటి నమూనాగా నాలుగు ఇంజనుల విమానమును ఎన్నుకొనవలదు. ఒక ఇంజను గల చిన్న విమానముతో మొదలుపెట్టుడు. పెట్టె తెఱచినంతనే జిగురు సీసాను ముట్టుకొనక, సూచనల పత్రమును తుదివరకు చదువుడు.

భాగములన్నియు ప్లాస్టిక్ చట్రమునకు అంటుకొని యుండును. అచ్చునుండి సులభముగా ఊడుటకై పూసిన నూనె వానిమీద మిగిలియుండవచ్చును. దానిమీద రంగు నిలువదు. కావున గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, నీడలో ఆరబెట్టుడు. ఎండలో పెట్టినచో పలుచని భాగములు వంగిపోవచ్చును. భాగమును చట్రమునుండి చేతితో విఱువరాదు. చిన్న కత్తెరపట్టుకారుతో కొంచెము ఎడముగా కత్తిరించి, మిగిలిన మొటిమను గరుకు కాగితముతో నెమ్మదిగా రుద్దవలయును. కావలసినప్పుడు మాత్రమే ఆయా భాగమును తీయుడు. ముందుగా అన్నియు తీసి కుప్పపెట్టినవాడు, కుడి యేదో ఎడమ యేదో తెలియక తికమకపడును.

జిగురు పెట్టుటకు ముందు రెండు భాగములను ఊరకే చేర్చి చూడుడు. సరిగా కుదురనిచో ఎక్కడ తాకుచున్నదో కనిపెట్టి అచ్చట రుద్దుడు. కుదురనిదానిని జిగురు కుదుర్చదు.

ప్లాస్టిక్ నమూనాల జిగురు గోందువలె నడుమ నిలిచి అంటించునది కాదు. అది పాలిస్టిరీను ఉపరితలమును కరగించును. కరగిన రెండు అంచులు ఒకటితో ఒకటి కలసి, ద్రవము ఆవిరియై పోగా, ఒకే ముక్కగా గట్టిపడును. కాబట్టి కొంచెము చాలును. ఎక్కువైనచో అది అంచులనే గాక, పనివారు అచ్చులో చెక్కిన సూక్ష్మమైన గీతలను కూడ కరగించి చెఱచును. ఒక రాత్రి కదల్పక ఉంచి, మరునాడు అతుకును గరుకు కాగితముతో సాపుచేసి, సందులున్నచో పుట్టీతో పూడ్చుడు. వ్రేలిగోటితో అతుకుమీద గీసి చూచినచో, కంటికి కనబడని మెట్టు వ్రేలికి తెలియును.

ముందు చక్రముగల విమానములలో మఱియొక చిక్కు కలదు. అసలు విమానమున ఇంజనులు, యంత్రములు, మనుష్యులు ఎచ్చట నుండవలెనో నిర్మాతలు లెక్కచూచి బరువును సమముగా పంచుదురు. నమూనా లోపల బోలుగా నుండును. అందుచే తోక బరువెక్కువై, అది ముక్కు పైకెత్తి వెనుకకు కూలబడును. దీనికి మందు తులాదండ సూత్రమే. ప్రధాన చక్రములు ఆధారస్థానము. తోక ఒకవైపు లాగుచున్నది. ముక్కు లోపల ఇనుప గుండ్లు పెట్టి రెండవవైపు లాగింపవలయును. గుండ్లు చక్రములకు ఎంత దూరముననున్న అంత తక్కువ బరువు చాలును. మొండెపు రెండు సగములను అంటించిన పిదప ఈ సంగతి జ్ఞాపకము వచ్చినచో ప్రయోజనము లేదు గనుక, ముందే చూచుకొనవలయును.

చోదకుడు కూర్చుండు గది లోపలి భాగమునకు కూడ మొండెము మూయకముందే రంగు వేయవలయును. మూసిన పిదప అందు సగము ఎవరికిని కనబడదు. కనబడనిదానికి ఇంత శ్రమ యేల యని అడుగవచ్చును. అది అచ్చట సరిగా నున్నదని చేసినవానికి తెలియును. ఆ తెలివియే వాని తరువాతి పనికి మెఱుగు పెట్టును.

రంగులు

రంగు విషయమున తొందర పనికిరాదు. చిక్కని పూత ఒకటి వేయుటకంటె పలుచని పూతలు మూడు వేయుట మేలు. దీనికి కారణము కూడ నిష్పత్తియే. కుంచెతో దట్టముగా వేసిన రంగు మిల్లీమీటరులో 20వ వంతు మందముండెననుకొనుడు. దానిని 72చే గుణించినచో 3.6 మిల్లీమీటర్లగును. విమానమునకు గోడసున్నమువలె రంగు మెత్తినట్లన్నమాట. పలుచని పూత ఆరిన పిదపనే రెండవది వేయవలయును. మొదటిది ఒకదిశగా, రెండవది దానికి అడ్డముగా కుంచెను నడపినచో గీతలు పడవు. తొలుత బూడిదవన్నె తొలిపూత వేసినచో, రంగు పట్టుకొనుటయే గాక, మిగిలియున్న గీతలును సందులును బయటపడును.

అసలు విమానపు రంగునే సీసాలో తెచ్చి నమూనాకు పూసినను అది కొంచెము ముదురుగా కనబడును. ఇందలి రహస్యమును మన కొండలే చెప్పును. తీరమున నిలిచి డాల్ఫిన్స్ నోస్ కొండను చూడుడు. దగ్గరకు పోయినచో ఆకుపచ్చనను, ఎఱ్ఱమట్టిని చూతుము. దూరమునుండి అదే కొండ నీలిబూడిద వన్నెతో వెలవెలబోవును. నడుమనున్న గాలి రంగులను పలుచబఱచును. 1:72 నమూనాను రెండడుగుల ఎడమున చూచుట, అసలు విమానమును 144 అడుగుల ఎడమున చూచుటయే కదా! అందుచే రంగులో కొంచెము తెలుపు కలిపినచో నమూనా నిజమైనదిగా తోచును. నలుపునకు బదులు ముదురు బూడిదను, తెలుపునకు బదులు లేత బూడిదను వాడుట కూడ ఈ కారణముచేతనే.

సముద్రతీరవాసులము గనుక గాలిలోని తేమను గూర్చి కూడ జాగ్రత్తపడవలయును. వానకాలమున త్వరగా ఆరు లాకరు రంగులు వేసినచో, ద్రవము ఆవిరియగునపుడు ఉపరితలము చల్లబడి, గాలిలోని తేమ దానిమీద చేరి, రంగు తెల్లగా పొగమంచు పట్టినట్లగును. చల్లని నీటిచెంబు బయట చెమర్చుటకును దీనికిని మూలము ఒకటే. శీతకాలపు పొడిదినములలో ఎండ యెక్కిన పిదప రంగు వేయుట ఉత్తమము.

తుదకు చిహ్నములు. ఇవి పలుచని పొరగా కాగితముమీద ముద్రింపబడియుండును. నీటిలో కొంతసేపు నానవైచి, పొర కదలిన పిదప దానిని నమూనామీదికి జార్చి, మెత్తని గుడ్డతో నీటిని అద్దవలయును. మన విమానముల వలయ చిహ్నమున వెలుపల కాషాయమును, నడుమ తెలుపును, లోపల ఆకుపచ్చయు నుండును.

జాగ్రత్తలు

చాకును ఎల్లప్పుడు మీకు ఎదురుగా గాక అవతలివైపునకు నడపుడు. జిగురు, రంగు ద్రవముల ఆవిరి ఆరోగ్యమునకు హాని చేయును. కిటికీలు తెఱచి, దీపమునకు నిప్పునకు దూరముగా పని చేయుడు. గరుకు కాగితముతో రుద్దునపుడు నీరు చల్లినచో దుమ్ము లేవదు. చిన్నపిల్లలున్న యింట చిన్న భాగములను మూతపెట్టెలో నుంచుడు.

తలిదండ్రులకు ఒక మాట. ఈ పని కొంత ఖర్చుతో కూడినది. కాని ముగ్గురు నలుగురు బాలబాలికలు కలసి ఒక నమూనాను, ఒక జత పనిముట్లను పంచుకొనవచ్చును. ఒకరు చరిత్ర వెదకుదురు, ఒకరు కూర్తురు, ఒకరు రంగు వేయుదురు. కొనలేనివారు అట్టముక్కలతోనే అదే నిష్పత్తిని పాటించి ఆకారము చేయవచ్చును. అమెరికా బాలురు 1942లో కొయ్యముక్కలతోనే చేసిరి. ఈ విద్య పెట్టెలో లేదు, కొలతలో కలదు.

ఇది ఎందుకు పనికివచ్చునని అడుగువారు పెద్దల పనులను చూడవచ్చును. రైటు సోదరులు 1901లో ఒక కొయ్యపెట్టెలో గాలి వీచునట్లు చేసి, సుమారు రెండువందల చిన్న రెక్కల నమూనాలను అందు పరీక్షించిరి. ఆ తరువాతనే 1903లో వారి విమానము ఎగిరినది. మన విశాఖపట్టణముననే గల నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో నౌకల నమూనాలను పొడవైన నీటితొట్టిలో నడపి పరీక్షింతురు. నౌక కట్టిన పిదప కనబడు తప్పు కోట్ల నష్టము. నమూనాలో కనబడు తప్పు ఒక దినపు పని.

కాబట్టి నమూనా పూర్తియైన నాడు దానిని అద్దాల బీరువాలో పెట్టుటకు ముందు, కొలబద్దతో ఒకమారు కొలిచి, ఎచ్చట ఎంత తేడా వచ్చెనో కాగితముమీద వ్రాసికొనుడు. ఆ కాగితమునే తరువాతి నమూనాకు మొదటి పాఠముగా తీసికొనుడు.

అభ్యాసములు

1. కుర్సురా జలాంతర్గామి పొడవు 91.3 మీటర్లు. 1:144 నిష్పత్తిలో దాని నమూనా పొడవెంత?

2. 1:72 నమూనాను 10 అడుగుల దూరమున నిలిచి చూచినచో, అసలు విమానమును ఎంత దూరమున చూచినట్లగును?

3. 1:48 నమూనాలో అరమిల్లీమీటరు సందు అసలు విమానములో ఎంత యగును?

4. టీయూ-142 విమానము ముక్కునుండి తోకవరకు అడుగులతో నడచి దాని పొడవును అంచనా వేయుడు. మీ అంచనాకును 53 మీటర్లకును ఎంత భేదము వచ్చెను? ఆ భేదమునకు కారణమేమి?

5. మీ తరగతిగది పొడవు వెడల్పులను కొలిచి, 1:72 నిష్పత్తిలో అట్టతో దాని నమూనా చేయుడు. అందు మీరు ఎంత ఎత్తున నుందురు?